మహానంది అరగంట ఊరు కాదు

మొన్న మా చిన్నాయన కొడుకు బర్మింగ్‌హామ్ నుంచి ఒక లేఖ రాశాడు. నాలుగు పేరాల లేఖ, దాని కింద ఒక పట్టిక. డిసెంబరులో భార్యాబిడ్డలతో వస్తున్నాడు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టి పెరిగినవారు. ప్రతి వేసవిలోనూ గుడారమూ, చిన్న స్టవ్వూ, స్లీపింగు బ్యాగులూ కారులో వేసుకుని ఏదో ఒక సీమకు పోయి వారం రోజులు మకాం పెట్టడం వాళ్ళకు అలవాటు. ఒక ఏడు లేక్ డిస్ట్రిక్టు, మరుసటి ఏడు వేల్సు, ఆపైన కార్న్‌వాల్. ఈసారి పిల్లలు నాన్న పుట్టిన దేశంలో గుడారం వేయాలని పట్టుబట్టారట. అందుకే ఆ పట్టిక: కూర్గు, ఊటీ, అరకు, గండికోట. ఒక్కొక్క పేరుకు ఎదురుగా దూరం, ఖర్చు, చూడదగిన స్థలాలు. అన్నిటికంటే అడుగున ఒక్క వాక్యం: "మహానందికి గూడా పోవాలన్నా, అమ్మ మొక్కుకున్నింది. అది అరగంట పనే కదా, ఏదో ఒక పూట పోయి వచ్చేద్దాం."

ఈ టపా ఆ ఒక్క వాక్యం మీద రాస్తున్నది. తమ్ముడి మీద కాదు. వాడు మంచివాడు, పైగా ఆ వాక్యం వాడి సొంతమూ కాదు. నంద్యాలలో ఎవరిని కదిపినా అదే మాట చెబుతారు. "మహానందా? పొద్దున పోతే భోజనానికి ఇంటికొచ్చేయచ్చు." ఊరిని చూడడానికి ఎంతసేపు పడుతుందో చెప్పడమే ఆ ఊరిని పొగడడమనుకుంటాం మనం. నా వాదన అంతా ఇంతే: మహానంది అరగంట ఊరు కాదు. మహానంది మొదలు అహోబిలం దాకా నల్లమల పడమటి అంచున పరుచుకున్న ఆ సీమ, మూడు రాత్రులకు తక్కువ ఇచ్చేవాడికి తన ముఖం చూపదు. గుడారం వేసుకుని సెలవులు గడపదలచినవాడు ముందుగా ఎంచుకోవలసిన చోటు అదే. ఊటీ తరువాత.

నా అపరాధం నేనే ముందు ఒప్పుకుంటాను, లేకపోతే వ్యాఖ్యలలో మిత్రులు ఒప్పిస్తారు. నేనూ ఊటీ పోయినవాడినే. పదేళ్ళ కిందట భార్యాపిల్లలతో నాలుగు రోజులు. అందులో ఒక రోజంతా ఘాటు రోడ్డు మీద, బంపరుకు బంపరు ఆనించిన కార్ల వరుసలో గడిచింది. ఒక రోజు వాన. దిగిన లాడ్జిలో వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే. ఆ గంటలో నలుగురం స్నానం ముగించాలి. చూడవలసిన స్థలాల జాబితా ఒకటి డ్రైవరు చేతిలో ఉండేది. ఒక్కొక్క చోట దింపి, "ఇరవై నిమిషాలు సార్" అనేవాడు. తిరిగి వచ్చాక అందరికీ ఫొటోలు చూపించాను, చాలా బాగుందన్నాను. ఇప్పుడు వెనుదిరిగి ఆలోచిస్తే నాకు ఊటీలో గుర్తున్నది మా పక్కన ఆగిన బస్సు సైలెన్సరు వాసన. ఇందులో ఊటీ తప్పేమీ లేదు. నేను ఒక పేరును ఎంచుకుని పోయాను, ఒక చోటును ఎంచుకుని పోలేదు.

ఆ దేశంలో వాళ్ళు ఎంచుకునే తీరు

తమ్ముడు తన పాత లేఖలలో లేక్ డిస్ట్రిక్టును గురించి రాసినవి తీసి చదివాను. వాడు అక్కడ ఏం చేశాడు? ఒక పొలం యజమాని వద్ద అనుమతి తీసుకుని, రుసుము కట్టి గుడారం వేశాడు. ఆరు రాత్రులు అక్కడే. ప్రతి ఉదయం ఒక దిక్కుకు నడక. ఒకరోజు సరస్సు, ఒకరోజు గుట్ట, ఒకరోజు ఊరి సంత. వానపడిన రోజు గుడారంలోనే పేకాట. అంతే. "చూడవలసినవి" అనే జాబితా లేదు. ఒక సీమను ఎంచుకోవడం, అందులో ఒకచోట స్థిరపడడం, చుట్టూ కాళ్ళు పోయినంత దూరం పోవడం, సాయంత్రానికి మళ్ళీ అదే చెట్టు కిందికి రావడం. వాడు మెచ్చుకున్నది ఈ పద్ధతిని. కానీ మన దేశానికి వచ్చేసరికి ఆ పద్ధతిని విమానాశ్రయంలోనే వదిలేసి, వందల కిలోమీటర్ల అవతలి పేర్ల పట్టిక చేతిలోకి తీసుకున్నాడు.

ఆ దేశస్థులకు కూడా ఆ గుట్టలు ఊరికే దక్కలేదన్నది ఇక్కడ చెప్పవలసిన మాట. 1932లో మాంచెస్టరు ప్రాంతపు కార్మికులు వందల మంది కలిసి, జమీందార్ల వేటభూములుగా మూసి ఉంచిన కిండర్ స్కౌట్ అనే గుట్ట మీదికి అనుమతి లేకుండా నడిచి పోయారు. వారిలో కొందరు జైలుకు వెళ్ళారు. 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది. స్కాట్లండులో 2003 నాటి చట్టం, హద్దు మీరనంతవరకు ఆరుబయట గుడారం వేసుకునే హక్కును జనానికి ఇచ్చింది. ఇంగ్లండులో మాత్రం భూమి యజమానిని అడగకుండా గుడారం వేయడం నేటికీ సాధారణంగా కుదరదు. డార్ట్‌మూర్ అనే ఒక్కచోట ఉన్న హక్కును 2023 జనవరిలో ఒక న్యాయస్థానం లేదన్నది, అదే ఏడు జులైలో పై న్యాయస్థానం ఉందన్నది, 2025 మే నెలలో అక్కడి సుప్రీంకోర్టు ఉందనే తేల్చింది. ఆరుబయట ఒక రాత్రి పడుకునే హక్కు కోసం అంత దూరం వెళ్ళి వాదించుకున్న జనం వాళ్ళు. మనకు ఆ రాత్రి పూర్వీకులు ఉచితంగా ఇచ్చి పోయారు. మనం దాన్ని అరగంటకు కుదించుకున్నాం.

మనవాళ్ళకు గుడారం కొత్తదా?

"క్యాంపింగు మన సంస్కృతి కాదు" అని ఒక మిత్రుడు ఆ మధ్య ముఖాముఖిగా అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. క్యాంపు అన్న మాట మనది కాదు, నిజమే. మకాం, బస, విడిది, డేరా, గుడారం: వీటిలో ఏ ఒక్కటీ తెలియని తెలుగువాడు ఉన్నాడా? వస్తువు లేకుండానే ఇన్ని మాటలు వచ్చి చేరాయా?

ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలుచుకోండి. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. పరివారంతో, డేరాలతో, పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణం. ఆయన దారి కడప మీదుగా అహోబిలానికీ, మహానందికీ, అక్కడినుంచి ఆత్మకూరు వైపుగా శ్రీశైలానికీ సాగింది. ప్రతి మజిలీలోనూ నీరు ఎలా ఉన్నది, నీడ ఉన్నదా, సరుకులు దొరుకుతాయా, దారి ఎటువంటిది అన్నవి చూసి రాశాడు. అదే కాశీయాత్రా చరిత్ర. మన భాషలో యాత్రాసాహిత్యానికి తొలినాటి ఆ గొప్ప పుస్తకం, ఒక విధంగా చూస్తే, ఎక్కడ బస చేయవచ్చునో చెప్పే పుస్తకమే. దాన్ని మనం సాహిత్యసభలలో పొగుడుతాం, సెలవులకు మాత్రం డ్రైవరు చేతిలోని జాబితాను నమ్ముతాం.

అంత వెనక్కు ఎందుకు, మా ఇంటి సంగతే చెబుతాను. నా చిన్ననాట శివరాత్రికి మహానంది పోవడమంటే గూడుబండి కట్టడమే. మా అబ్బ ముందురోజే ఎద్దులను కడిగి కొమ్ములకు రంగు పూసేవాడు. జేజి జొన్నరొట్టెలు ఎండబెట్టి గంపకెత్తేది. వాటితోపాటు శెనగకాయల ఊరిబిండి, చింతకాయ తొక్కు, ఒక చిన్న మూట బియ్యం. తెల్లవారుజామున బయలుదేరితే పొద్దుగూకకముందే చేరేవాళ్ళం. అరటితోటల గట్టున బండి విడిచి, ఎద్దులను చెట్టుకు కట్టి, నొగలకు జేజి పాత చీర కడితే అదే మా డేరా. మూడు రాళ్ళు పెడితే పొయ్యి. కాలువలో పారే నీళ్ళు కోనేటి నుంచి వచ్చినవే, అవే తాగేవాళ్ళం. మూడు రాత్రులు, ఒక్కొక్కసారి నాలుగు. ఒక రాత్రి జాగరణ, ఒక పగలు ఎద్దుల బండలాగుడు పందేలు, మిగిలినదంతా ఊరికే ఉండడం. ఊరికే ఉండడానికే పోయేవాళ్ళమని ఇప్పుడు తెలుస్తున్నది. పక్క బండి వాళ్ళది ఏ ఊరో, వాళ్ళ పిల్లలకు ఎక్కడ సంబంధాలు చూస్తున్నారో, వాళ్ళ పొలంలో బావి ఎన్ని మట్లు తవ్వారో అన్నీ ఆ మూడు రాత్రులలో తేలేవి. మా మేనత్త పెళ్ళి సంబంధం అలా బండి పక్క బండి నిలిచినప్పుడు కుదిరినదే.

మనుషులే కాదు, ఆ సీమలో దేవుడికీ బస చేసే అలవాటు ఉన్నది. అహోబిలం నరసింహస్వామి కనుమనాడు పల్లకీ ఎక్కి గుడి వదిలి బయలుదేరుతాడు. దాన్ని పారువేట అంటారు. సుమారు నలభై రోజులు, ముప్పైకి పైగా పల్లెలు. ఊరూరా కట్టిన తెలుపుల మీద దిగి, ఆ ఊరివాళ్ళ పూజలందుకుని, తన పెళ్ళికి రమ్మని తానే పిలిచి, మరుసటి ఊరికి సాగుతాడు. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. చెంచులక్ష్మిని చేసుకున్నవాడు కాబట్టి పల్లకీ మీదికి బాణాలు వేసి మర్యాద తీర్చుకుంటారు. సాక్షాత్తు దేవుడే తన సీమను చూసుకోవడానికి నలభై రోజులు తీసుకుంటుంటే, మనం ఆయనను చూడడానికి అరగంట కేటాయించి, అందులో పది నిమిషాలు చెప్పులు ఎక్కడ విడవాలో వెదుక్కోవడానికి వెచ్చిస్తున్నాం.

నాలుగు కొలతలు

సరే, అభిమానం పక్కన పెట్టి వాడి పద్ధతిలోనే కొలుద్దాం. గుడారపు సెలవుకు చోటు ఎంచుకునేవాడు చూడవలసినవి నాలుగే: నీరు, నడక, ఋతువు, వెనుదన్ను.

నీరు. మహానంది కోనేటిని గురించి తెలుగువాళ్ళకు చెప్పబూనడం సాహసం. గర్భగుడి దిక్కునుంచి ఊరే ఊట, ఏడాది పొడుగునా ఒకే మట్టంలో నిలుస్తుంది. అయిదడుగుల లోతున పడిన నాణెం మీది అంకెలు పైనుంచి కనిపిస్తాయి. చలికాలంలో గోరువెచ్చగా, వేసవిలో చల్లగా తోస్తుంది. నేలలోపలి నీటి వేడి పెద్దగా మారదు, మారేది బయటి గాలి. ఆ నీరు బయటి గుండాలలో పడి, కాలువలై, వేల ఎకరాల అరటికీ వరికీ పారుతుంది. రాయలసీమలో పుట్టినవాడికి పారే నీటి పక్కన ఒక రాత్రి పడుకోవడం అంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు. లేక్ డిస్ట్రిక్టులో నీరు ఎక్కడ చూసినా ఉంటుంది. ఇక్కడ ఒక్కచోట ఉన్నది, దాని చుట్టూ ఎండిన నేల ఉన్నది. ఆ తేడా పిల్లలకు తెలియాలంటే, ఎండలో నంద్యాల నుంచి వచ్చి ఆ నీటిలో దిగాలి, మరునాడు మళ్ళీ దిగాలి, మూడోనాడు అది ఎటు పోతున్నదో కాలువ గట్టు పట్టుకుని చూడాలి. అరగంటలో ఇది జరగదు.

నడక. నవనందులు అన్నీ పదిహేను, ఇరవై కిలోమీటర్ల చుట్టుకొలతలోనే ఉన్నాయి. ప్రథమనంది, నాగనంది, సోమనంది నంద్యాలలోనే; శివనంది, కృష్ణనంది, సూర్యనంది దారులలో; వినాయకనంది, గరుడనంది మహానందిలోనే. కార్తీకంలో సూర్యోదయం నుంచి అస్తమయంలోపు తొమ్మిదింటినీ చూడడం ఒక ఆచారం. ఆ ఆచారాన్ని ఇప్పుడు ఆటోలలో తీర్చుకుంటున్నారు. దాన్నే మూడు రోజులకు పంచి నడిచి చూడండి. శివనంది వద్ద పాత రాతిగుడి పక్కన మధ్యాహ్నం గడిపితే, మహానంది గుడి శిఖరానికీ దానికీ గల చుట్టరికం కళ్ళే చెబుతాయి; బాదామి చాళుక్యుల నాటి పని అది. ఇంకా కాళ్ళు అడిగితే అహోబిలం ఉన్నది. దిగువ నుంచి ఎగువకు, అక్కడినుంచి భవనాశి పక్కన రాళ్ళెక్కి జ్వాలా నరసింహం, మాలోలం. ఎర్రన నృసింహపురాణాన్ని అంకితమందుకున్న స్వామి ఈయనే. మధ్యదారిలో ఆళ్ళగడ్డలో ఆగితే రోడ్డు పక్కనే శిల్పుల పాకలు. నల్లరాతిలోంచి ఒక నందికేశ్వరుడు మూపురం వరకు బయటపడి, మిగతా భాగం ఇంకా బండలోనే ఉండడం పిల్లలు అక్కడే చూడాలి. బేలం గుహలు, యాగంటి పడమటి దిక్కున ఒక్కొక్క పగటి దూరం. బేలం మూడు కిలోమీటర్లకు పైగా పొడుగున నేలలోపల సాగిన గుహ. 2002 నుంచి జనానికి తెరిచారు. ఇవేవీ నచ్చని పిల్లవాడిని నంద్యాలలో గిద్దలూరు వైపు రైలెక్కించండి. గాజులపల్లె దాటాక అడవీ, సొరంగమూ మొదలవుతాయి. మీటరుగేజి కాలపు దొరబావి వంతెన కథ పక్క సీటులోని ముసలాయన ఎవరైనా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు.

ఋతువు. ఇక్కడ మొగమాటం లేకుండా చెప్పాలి. ఏప్రిల్, మే నెలలలో ఎవరినీ రమ్మనను. నంద్యాల ఎండ రాష్ట్రంలో పేరుపడ్డది, గుడారంలో మనిషి ఉడికిపోతాడు. శివరాత్రికి జనసముద్రం. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మాత్రం రాత్రులు చల్లగా, పగళ్ళు తేటగా ఉంటాయి. తమ్ముడు వచ్చేది డిసెంబరులో. ఇంతకంటే మంచి కాలం ఏ పంచాంగంలోనూ దొరకదు.

వెనుదన్ను. పిల్లవాడికి జ్వరం వస్తే నంద్యాల పట్టణం పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 2022 ఏప్రిల్ నుంచి అది జిల్లా కేంద్రం కూడా. గుడారం పొసగని పెద్దలకు దేవస్థానం వారి గదులు, సత్రాలు ఉన్నాయి. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ దొరుకుతుంది. ఈ చివరి సౌకర్యం లేక్ డిస్ట్రిక్టులో లేదని నా దృఢవిశ్వాసం.

ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: "పులులున్న అడవి కదా?" ఉన్నది. ఈ ఆక్షేపణను నేను తేలికగా తోసిపుచ్చను. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. 2024 జూన్ నెలలో మహానంది గుడి పరిసరాలలోనే చిరుత తిరిగింది. అదే నెలలో పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ చనిపోయింది. కాబట్టి అడవిలోకి పోయి మీకు తోచినచోట గుడారం వేయండని నేను చెప్పడం లేదు. అలా చేయడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, చట్టం లేకపోయినా మూర్ఖత్వం. ఊరిలోపల, తెలిసినవారి తోటలో, అడిగి, అనుమతితో వేయాలి. అడవినే చూడాలనుకుంటే దానికీ మార్గం ఉన్నది. ఆత్మకూరు వైపు బైర్లూటిలోనూ, గిద్దలూరు దారిలో పచ్చర్లలోనూ అటవీశాఖ బస ఏర్పాట్లు చేసింది. చెంచు యువకులకు అందులో పని కల్పించింది. ముందుగా కనుక్కుని, వాళ్ళు రమ్మన్నప్పుడే పోవాలి, వద్దన్నప్పుడు మానుకోవాలి. ఆత్మకూరు–దోర్నాల దారిలో రాత్రిపూట బండ్లు ఆపేది ఎందుకో పిల్లలకు చెప్పండి: ఆ రాత్రులు మనవి కావు.

రెండవది: "గుడి ఊరిలో పిల్లలకు ఏముంటుంది?" ఈ ప్రశ్న వేసేవాళ్ళు గుడిని వరుసలో నిలబడి చూసినవాళ్ళు. వరుసలో పిల్లలకే కాదు, ఎవరికీ ఏమీ ఉండదు. సాయంత్రం జనం పలచబడ్డాక కోనేటి మెట్ల మీద కూర్చున్నవాడికి ఆ ప్రశ్న రాదు. పైగా, భక్తి లేనివాడు కూడా నీటి దగ్గర కూర్చోవచ్చు. నేను ఎంతటి భక్తుడినో ఈ పేజీ పాతపాఠకులకు తెలుసు.

మూడవది: "గండికోట ఉండగా మహానంది ఎందుకు?" పెన్న కోసిన ఆ లోయ అద్భుతం, సందేహం లేదు. కానీ శనివారం రాత్రి అక్కడికి పోయిన మిత్రులు చెప్పినది వినండి. రంగురంగుల గుడారాలు వరుసలు తీరి, తెల్లవార్లూ పాటలపెట్టెలు మోగి, ఉదయానికి సీసాలూ పళ్ళేలూ గాలికి దొర్లుతుంటాయట. నగరంలోని రాత్రిని మూటగట్టి తెచ్చి లోయ అంచున విప్పడం అది. చోటు ఏదైనా వాళ్ళకు ఒకటే. నేను మహానందికి రమ్మని పిలిచేది వాళ్ళను కాదు. వాళ్ళు రాకుండా ఉంటే ఇంకా మేలు.

నాలుగవ ఆక్షేపణ నాకు నేనే వేసుకున్నది: పదిమందికి చెబితే ఆ పదిమందీ వచ్చి ఈ ఊరినీ పాడుచేయరా? చాలా రోజులు ఈ భయంతోనే రాయకుండా ఊరుకున్నాను. కానీ ఇప్పటికే పాడు చేస్తున్నది ఎవరు? బస్సు దిగి, అరగంటలో కొబ్బరికాయ కొట్టి, నీళ్ళసీసా కాలువలో పారేసి, బస్సెక్కేవాడు. అతనికి ఆ కాలువ ఎటు పోతుందో తెలియదు. మూడు రాత్రులు ఆ కాలువ పక్కన పడుకుని, ఉదయం అందులోనే ముఖం కడుక్కున్నవాడు సీసా పారేయలేడు. పారేసేవాడిని చూస్తే ఊరుకోనూ లేడు. ఊరికి కావలసింది తక్కువమంది రావడం కాదు, వచ్చినవాళ్ళు కొంచెం ఎక్కువసేపు నిలవడం.

అసలు సంగతి

ఇంతదాకా వాదించినది అంతా నిజమే గాని, నాకు కోపం తెప్పించినది వేరే.

తమ్ముడు ఉండేది పదహారు రోజులు. అందులో ఊటీకి పోనురాను ఆరు. మా చిన్నాయనకు డెబ్బై ఎనిమిది నిండాయి, మోకాళ్ళు సహకరించవు, కొండదారిలో కారు ఎక్కితే తల తిరుగుతుంది. "నేను ఊటీకి రాలేను గానీ, మీరు పోయి రాండి నాయనా" అన్నాడట ఫోనులో. తమ్ముడు సరేనన్నాడు. ఈ మాట నాకు చెప్పినది చిన్నమ్మ. చెప్పి, కాసేపు ఊరుకుని, "ఆయన బండి కట్టడం నేర్పిస్తానని అనుకున్నాడు రా పిల్లోల్లకు. బండి యాడుంది ఇప్పుడు" అన్నది.

శివరాత్రికి మా గూడుబండి తోలినది చిన్నాయనే. ఏ చెట్టు కింద విడవాలో, గాలి ఏ వైపు నుంచి వస్తుందో, పొయ్యి ఎక్కడ పెడితే పొగ ఆడవాళ్ళ కళ్ళలో పడదో ఆయనకు తెలుసు. గుడారం వేయడం నేర్చుకోవాలనుకునే ఇద్దరు పిల్లలు వేల మైళ్ళు ఎగిరి వస్తున్నారు. నేర్పగలిగిన ఆఖరి మనిషి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళిద్దరికీ నడుమ ఆయన పోగలిగిన చోటు, వాళ్ళకు నచ్చగలిగిన చోటు ఒక్కటే ఉన్నది, ఇంటికి గంట దూరంలో. దానికి మనం అరగంట ఇస్తున్నాం.

సెలవుకు చోటు ఎంచుకునేటప్పుడు పట్టికలో వేయవలసిన గళ్ళు దూరం, ఖర్చు, చూడదగినవి మాత్రమే కావు. మనతో ఎవరు రాగలరు అన్నది ఇంకొక గడి. ఆ గడి నింపితే మన పట్టికలు చాలావరకు తారుమారవుతాయి.

తమ్ముడికి ఇదంతా ఇంత కటువుగా రాయలేదు. మూడు రాత్రుల ఏర్పాటు మాత్రం రాశాను. మహానందికి ఇవతల మాకు తెలిసినవారి అరటితోట ఉన్నది. ఆయనను అడిగాను, సంతోషంగా ఒప్పుకున్నాడు. గుడారం వాడు తెస్తాడు. పొయ్యి ఎక్కడ పెట్టాలో చిన్నాయన చూపిస్తాడు. పాటలపెట్టె లేదు. ప్లాస్టిక్ పళ్ళేలు లేవు, అరటాకులు కావలసినన్ని ఉన్నాయి. మొదటి పగలు ఊరికే ఉండడం. రెండో పగలు కాలువ వెంట. మూడో పగలు ఆళ్ళగడ్డ మీదుగా దిగువ అహోబిలం, ఓపిక ఉన్నవారికి ఎగువ. చిన్నాయనకు సత్రంలో గది ఒకటి చెప్పి ఉంచుతాను. ఆయన అందులో పడుకోడని నాకు తెలుసు.

నిన్న రాత్రి జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. "రెండు రాత్రులకు సరేనన్నా, మూడో రాత్రి సంగతి అక్కడికొచ్చినాక చూద్దాం. పిల్లోల్లు ఎద్దుల్ని చూడాలంటున్నారు, దొరుకుతాయా?"

దొరుకుతాయి. వెదుకుతున్నాను.

తా.క.: మీ మీ సీమలలో ఇటువంటి అరగంట ఊళ్ళు ఏమేమి ఉన్నాయో తెలిసిన మిత్రులు రాయగలరు. దర్శన సమయాలు అక్కరలేదు. అక్కడ రాత్రి నీళ్ళు ఎలా వినిపిస్తాయో, పొయ్యి ఏ మూల పెట్టాలో, మిమ్మల్ని చిన్నప్పుడు ఎవరు తీసుకుపోయారో రాయండి.